స్ఫటిక శాస్త్రవేత్త ఆచార్య సూరి భగవంతం

శ్రీశైల మల్లికార్జునుని దర్శనానికి వెళ్ళే యాత్రికునికి ముందుగా ఎదురయ్యేవి నల్లమల కొండలు. అడవి గుండా వంకరలు తిరుగుతూ సాగే ఘాట్ రోడ్డుకు ఇరువైపులా, పాతాళగంగ వద్ద కృష్ణానది కోసుకొనిపోయిన లోతైన లోయ గోడలలో, పొరమీద పొర పేర్చినట్లున్న శిలలు కనబడతాయి. వీటిలో ఒక శిలాశ్రేణికి భూవిజ్ఞాన శాస్త్రజ్ఞులు శ్రీశైలం క్వార్ట్‌జైటు అని ఈ క్షేత్రం పేరే పెట్టారు. ఎండపొడ సోకినప్పుడు ఆ రాతిలో తళుక్కుమనేవి క్వార్ట్‌జ్ అనే ఖనిజపు చిన్న చిన్న స్ఫటికాలు. భక్తుని దృష్టికి అది పవిత్రమైన కొండ. శాస్త్రజ్ఞుని దృష్టికి అది కోటానుకోట్ల స్ఫటికాల రాశి.

రాయలసీమ ప్రజలకు రాళ్ళతో అనుబంధం పుట్టుకతోనే మొదలవుతుంది. ఇంటి నేలకు, అరుగులకు పరిచే కడప బండలను, బేతంచెర్ల బండలను పనివారు ఉలితో ఎలా చీలుస్తారో ఇక్కడి పిల్లలు చూస్తూనే ఉంటారు. పొర వెంబడి ఉలి ఆనించి సుత్తితో కొడితే బండ పలకలుగా విడిపోతుంది. పొరకు అడ్డంగా అంతే బలంతో కొట్టినా లొంగదు. రాయి ఒక్కటే, సుత్తి ఒక్కటే. మారింది దిశ మాత్రమే. అలాగే తొలకరి వానలు పడగానే కర్నూలు, అనంతపురం ప్రాంతాల చేలలో వజ్రాల కోసం జనం నేలను గాలించడం ఏటా జరిగే పని. ఆ వజ్రం కూడా ఒక స్ఫటికమే. అంత కఠినమైన వజ్రాన్ని సైతం దాని చీలిక దిశ తెలిసిన నిపుణుడు ఒక్క దెబ్బతో రెండుగా విడదీయగలడు. కడప బండ చీలికకు కారణం దానిలోని అవక్షేపాల పొరలు. వజ్రం చీలికకు కారణం అంతకన్నా లోతైనది, పరమాణువుల అమరికలోనే ఉన్నది.

మన కావ్యాలలో స్ఫటికం స్వచ్ఛతకు ఉపమానం. సరస్వతీదేవి చేతిలోని జపమాల స్ఫటికమయం. శివాలయాలలో స్ఫటిక లింగాలకు అభిషేకాలు జరుగుతాయి. కవులు స్ఫటికంలో నిర్మలత్వాన్ని చూశారు. ఆధునిక శాస్త్రజ్ఞులు అదే స్ఫటికంలో క్రమాన్ని చూశారు. స్ఫటికంలోని క్రమమూ దిశా దాని గుణాలను ఎలా శాసిస్తాయో గణితంతోను, ప్రయోగంతోను నిరూపించి, ప్రపంచ విజ్ఞాన శాస్త్రంలో తెలుగువారికి ఒక స్థానం సంపాదించిన మహనీయుడు ఆచార్య సూరి భగవంతం.

భగవంతం 1909 అక్టోబరు 14వ తేదీన నాటి కృష్ణా జిల్లాలోని ఆగిరిపల్లిలో జన్మించారు. హైదరాబాదులోని నిజాం కళాశాలలో భౌతికశాస్త్రం అభ్యసించి 1928లో పట్టభద్రులైనారు. ఆ కళాశాల అప్పట్లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. పట్టా చేతికి వచ్చిన యువకులు ప్రభుత్వోద్యోగం వైపు చూసే కాలమది. భగవంతం మాత్రం కలకత్తాకు రైలెక్కారు. అక్కడ బౌబజారు వీథిలోని చిన్న పరిశోధన సంస్థలో చంద్రశేఖర వేంకట రామన్ అదే సంవత్సరం ఫిబ్రవరి 28న ఒక గొప్ప ఆవిష్కరణ చేసి ఉన్నారు. ఆ గురువు చెంత చేరడమే భగవంతం జీవితానికి తొలి మలుపు.

రామన్ ఆవిష్కరణను సులభంగా ఇలా గ్రహించవచ్చు. ఒకే రంగు గల కాంతిని ఒక పదార్థం గుండా పంపితే అందులో కొంత కాంతి నలువైపులకు చెదురుతుంది. ఆ చెదిరిన కాంతిలో అతి స్వల్పమైన భాగం తన రంగు మార్చుకొని వెలువడుతుంది. పదార్థంలోని అణువులు ఎడతెగక కంపిస్తూ ఉంటాయి. ఆ కంపనాలతో ఇచ్చిపుచ్చుకోవడం వల్లనే కాంతి రంగు మారుతుంది. కాబట్టి మారిన రంగును కొలిస్తే అణువుల కంపనాల రహస్యం తెలుస్తుంది. ఈ ఆవిష్కరణకే రామన్‌కు 1930లో నోబెల్ బహుమానం లభించింది. ఆ ఉత్సాహభరితమైన వాతావరణంలో, ఇరవై ఏళ్ళయినా నిండని వయస్సులో, భగవంతం పరిశోధన ఆరంభించారు.

ఆయన తొలి పరిశోధనలలో ఒకటి నాఫ్తలీన్ స్ఫటికాలకు సంబంధించినది. బట్టల పెట్టెలో పురుగు పట్టకుండా మనం వేసే కలరా ఉండలలోని పదార్థమే నాఫ్తలీన్. దాని అణువు పలకవలె చదునైనది. స్ఫటికంలో ఈ పలకలు ఏ వైపుకు వాలి ఉన్నాయి అన్నది అప్పటి ప్రశ్న. అణువు కంటికి కనబడదు. కాని అయస్కాంత క్షేత్రానికి అది చూపే స్పందన దాని చదునైన ముఖం దిశలో ఒక విధంగాను, అంచు దిశలో మరొక విధంగాను ఉంటుంది. స్ఫటికాన్ని అయస్కాంత క్షేత్రంలో ఉంచి వేరువేరు దిశలలో దాని స్పందనను కొలిస్తే, లోపలి అణువులు ఎటు మొగ్గి ఉన్నాయో లెక్కకట్టవచ్చు. భగవంతం 1929లో ప్రకటించిన వ్యాసం ఈ విషయం గురించినదే. బయటి కొలతతో లోపలి దిశను తెలుసుకోవడం అనే ఈ సూత్రమే ఆయన జీవితకాల పరిశోధనకు పునాది అయింది.

1930లో ఆయన వజ్రాన్ని పరిశీలించారు. వజ్రంలో ఉన్నవి కర్బన పరమాణువులు మాత్రమే. అవి నాలుగు వైపులా సమానంగా చేతులు చాచి ఒకదానినొకటి పట్టుకొన్నట్లు అమరి ఉంటాయి. ఇంతటి సమానత్వం ఉన్నచోట రామన్ వర్ణపటం కూడా సరళంగా ఉండాలి. అలాగే ఉన్నది. శాస్త్రజ్ఞులు సెంటీమీటరుకు 1332 తరంగాలు అని చెప్పే చోట ఒకే ఒక ప్రధాన రేఖ ప్రకాశించింది. నేటికీ రత్నాల పరీక్షకులు వజ్రాన్ని, వజ్రంవలె కనబడే ఇతర రాళ్ళ నుండి వేరు చేయడానికి ఈ రేఖనే గుర్తుగా చూస్తారు. 1931లో రామన్, భగవంతం కలిసి కాంతికణమైన ఫోటాన్‌కు ఆత్మభ్రమణం ఉన్నదని ప్రయోగ పూర్వకంగా చూపే వ్యాసం ప్రకటించారు. గురుశిష్యుల పేర్లు జంటగా నిలిచిన వ్యాసమది.

1932లో భగవంతం స్వరాష్ట్రానికి తిరిగివచ్చి వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. 1926లో స్థాపితమైన ఆ విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షులు చిత్తూరు జిల్లా వాసి, విఖ్యాత విమర్శకులు కట్టమంచి రామలింగారెడ్డి. తరువాత సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ పదవిని అలంకరించారు. జయపురం మహారాజు విక్రమదేవవర్మ పేరిట విజ్ఞాన కళాశాల ఆరంభమైన కాలమది. సముద్రతీరాన కొండమీద కొత్తగా లేస్తున్న భవనాలలో ప్రయోగశాలను దాదాపు ఏమీలేని స్థితి నుండి నిర్మించవలసి వచ్చింది. కలకత్తాలో నేర్చిన విద్యను భగవంతం ఇక్కడ తెలుగు విద్యార్థులకు పంచారు. ముప్పై ఏళ్ళు నిండకముందే ఆచార్య పదవి పొందారు. కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితం గురించి ఆయన రచించిన గ్రంథాన్ని 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే ప్రచురించింది.

వాల్తేరులో ఆయనకు తోడుగా నిలిచినవారు గణితవేత్త టి. వేంకటరాయుడు. భౌతికశాస్త్రజ్ఞుడు, గణితశాస్త్రజ్ఞుడు ఒకే బల్ల వద్ద కూర్చోవడం వల్ల ఒక కొత్త మార్గం తెరుచుకొన్నది. దానిని అర్థం చేసుకోవడానికి సంక్రాంతి ముగ్గును తలచుకొందాం. నాలుగు రేకుల ముగ్గును పావు చుట్టు తిప్పితే అది మునుపటిలాగే కనబడుతుంది. ఆరు రేకుల ముగ్గును ఆరోవంతు చుట్టు తిప్పితే చాలు. ఇలా తిప్పినా, అద్దంలో చూసినా మారకుండా ఉండే గుణమే సౌష్ఠవం. స్ఫటికాలలో పరమాణువుల అమరికకు కూడా ఇటువంటి సౌష్ఠవం ఉంటుంది. దానిని బట్టి ప్రకృతిలోని స్ఫటికాలన్నింటినీ 32 తరగతులుగా విభజించారు. సౌష్ఠవాన్ని గురించి చర్చించే గణిత శాఖకు సమూహ సిద్ధాంతమని పేరు. ఒక స్ఫటికం ఏ తరగతికి చెందినదో తెలిస్తే చాలు, దాని రామన్ వర్ణపటంలో ఎన్ని రేఖలు రాగలవో, ఎన్ని రాలేవో ప్రయోగానికి ముందే లెక్కకట్టవచ్చునని భగవంతం, వేంకటరాయుడు 1939లో చూపారు. ఈ విషయాలను విశదీకరిస్తూ వారిద్దరూ రచించిన సమూహ సిద్ధాంత గ్రంథం 1948లో వెలువడింది. అది తరువాతి తరాల భౌతిక, రసాయన శాస్త్ర విద్యార్థులకు చిరకాలం ఉపయోగపడింది.

సౌష్ఠవం వల్ల కలిగే ప్రయోజనం ఇంకొకటి ఉన్నది. ఒక స్ఫటికాన్ని నొక్కితే ఎంత కుంచించుకొంటుందో చెప్పడానికి ఒక్క అంకె చాలదు, ఎందుకంటే దిశ మారినప్పుడల్లా జవాబు మారుతుంది. ఏ సౌష్ఠవమూ లేని స్ఫటికానికి 21 స్థిరాంకాలు కావాలి. వజ్రం వంటి ఘనాకార వ్యవస్థకు చెందిన స్ఫటికానికి మూడు చాలు. అలాగే ఒత్తిడికి గురైన స్ఫటికం గుండా కాంతి ప్రయాణించే తీరు కూడా మారుతుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలును రెండు పోలరాయిడ్ పలకల మధ్య పెట్టి కొద్దిగా వంచితే ఇంద్రధనుస్సు రంగులు కనిపించేది ఈ కారణం వల్లనే. ఏ తరగతి స్ఫటికానికి ఇటువంటి కాంతి స్థిరాంకాలు ఎన్ని ఉంటాయో జర్మను శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిక్ పొకెల్స్ పంతొమ్మిదవ శతాబ్ది చివరలోనే ఒక పట్టిక తయారు చేశాడు. దాదాపు యాభై ఏళ్ళపాటు ప్రపంచమంతా ఆ పట్టికనే ప్రమాణంగా స్వీకరించింది.

ఆ పట్టికను భగవంతం సమూహ సిద్ధాంతపు గీటురాయి మీద పరీక్షించారు. కొన్ని తరగతుల విషయంలో పొకెల్స్ లెక్క సరిపోలేదు. ఉదాహరణకు ఘనాకార వ్యవస్థలోని తరగతులన్నింటికీ మూడేసి స్థిరాంకాలు చాలునని పట్టిక చెబుతుండగా, వాటిలో సౌష్ఠవం తక్కువగా ఉన్న రెండు తరగతులకు నాలుగు ఉండాలని భగవంతం గణనలో తేలింది. ఆయన ఈ సవరణను 1942లో ప్రకటించారు. ఆ సంవత్సరం ఎటువంటిదో గుర్తుంచుకోవాలి. ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్నం మీద జపాను విమానాలు బాంబులు కురిపించాయి. విశ్వవిద్యాలయాన్ని తాత్కాలికంగా గుంటూరుకు తరలించవలసి వచ్చింది. ఐరోపా నుండి పరికరాలు వచ్చే దారి మూసుకొనిపోయింది. అటువంటి రోజులలో, పరాధీనమైన దేశంలోని ఒక కొత్త విశ్వవిద్యాలయం నుండి, కాగితమూ కలమూ ఆధారంగా ఐరోపా పండితుని పట్టికను సవరించడం సామాన్యమైన సాహసం కాదు. పెద్దల మాట కాబట్టి నమ్మాలన్న నియమం శాస్త్రంలో లేదు. అయితే కాదనడానికి కోపం చాలదు, రుజువు కావాలి. భగవంతం చూపినది రుజువు.

ఇక్కడ ఒక ఆసక్తికరమైన సంగతి చెప్పుకోవాలి. ఫ్రీడ్రిక్ పొకెల్స్‌కు ఆగ్నెస్ అనే అక్క ఉండేది. ఆ కాలంలో అక్కడి విశ్వవిద్యాలయాలు ఆడపిల్లలను చేర్చుకొనేవి కావు. ఆమె వృద్ధులైన తల్లిదండ్రులకు సేవ చేస్తూ, వంటింటిలో గిన్నెలు కడిగే నీటిమీద తేలే నూనె పొరలను గమనించి, తానే తయారు చేసుకొన్న రేకు తొట్టెతో వాటి గుణాలను కొలిచింది. లార్డ్ రేలీ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుని చొరవతో ఆమె పరిశీలనలు 1891లో నేచర్ పత్రికలో వెలువడ్డాయి. తమ్ముడు స్ఫటికాల లోపలి దిశలను గణించాడు. అక్క పలుచని పొరల ఉపరితలాన్ని శోధించింది. ఈ రెండు విద్యలూ ఒకనాడు ఒకటిగా కలియవలసి ఉన్నదని వారికి తెలియదు. ఆ కలయికను గురించి ముందు చెప్పుకొందాం.

యుద్ధకాలంలోనే భగవంతం మరొక ప్రయత్నం చేశారు. మన చెవికి అందని అతిధ్వని తరంగాలను స్ఫటికం గుండా పంపి, వాటి వేగాన్ని బట్టి స్ఫటికపు స్థితిస్థాపకతను కొలిచే పద్ధతిని ఆయన బృందం అభివృద్ధి చేసింది. చిన్న ముక్కతోనే పని జరగడం ఈ పద్ధతిలోని సౌలభ్యం. శిష్యుడు జె. భీమసేనాచార్‌తో కలిసి ఆయన 1944-46 ప్రాంతంలో వజ్రానికి సైతం స్థితిస్థాపక స్థిరాంకాలను కొలిచి ప్రకటించారు. అంతకుముందు ఆ కొలత ఎవరికీ సాధ్యపడలేదు. 1957లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల శాస్త్రజ్ఞులు మరింత సూక్ష్మమైన పరికరాలతో వజ్రాన్ని కొలిచినప్పుడు వాల్తేరు అంకెలలో కొన్నింటిని గణనీయంగా సవరించవలసి వచ్చింది. పొకెల్స్ పట్టికను దిద్దినవారి అంకెలను మరొకరు దిద్దారు. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. శాస్త్రం నడిచే తీరే అది. తొలి కొలత లేకపోతే మలి కొలతకు దిద్దవలసినదే ఉండదు.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత దేశానికి శాస్త్రజ్ఞుల అవసరం ప్రయోగశాల బయట కూడా ఏర్పడింది. భగవంతం 1948-49లో లండనులో భారత ప్రభుత్వం తరఫున శాస్త్ర సంబంధాల అధికారిగా పనిచేశారు. 1949లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యులైనారు. 1952 నుండి 1957 వరకు ఆ విశ్వవిద్యాలయానికే ఉపాధ్యక్షులుగా ఉన్నారు. హైదరాబాదు రాష్ట్రం ముగిసి, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన సంధికాలం అది. పాలన మారినా, భాషా విషయకమైన వాదాలు చెలరేగినా చదువు సాగవలసిందే. విద్యార్థిగా తాను చదివిన నగరానికే విశ్వవిద్యాలయాధిపతిగా రావడం ఆయనకు దక్కిన అరుదైన గౌరవం.

1957లో ఆయన బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు సంచాలకులైనారు. ఆ సంస్థ పుట్టినదీ, ఆయన పుట్టినదీ 1909లోనే. ఒకప్పుడు గురువు రామన్ కూర్చున్న పీఠం మీద శిష్యుడు కూర్చున్నాడు. సరిగ్గా అదే సంవత్సరం ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో స్ఫటిక శాస్త్రానికి ఒక కొత్త అధ్యాయం మొదలైంది. అది పాలిమర్ల అధ్యాయం.

చిన్న అణువులు దండలోని పూలవలె వేల సంఖ్యలో కూర్చబడగా ఏర్పడిన పొడవైన గొలుసే పాలిమర్. మనం వాడే పాలిథీన్ సంచి అటువంటి గొలుసుల ముద్ద. ఉప్పు, పంచదార వంటి చిన్న అణువులు, అయానులు వరుసలు కట్టి స్ఫటికాలు కావడం సులభం. ఇంత పొడవైన గొలుసులు ఎలా వరుస కడతాయన్నది చిక్కు ప్రశ్న. ఆండ్రూ కెల్లర్ 1957లో ద్రావణం నుండి పెంచిన పాలిథీన్ స్ఫటికాలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూశాడు. అవి సుమారు 10 నానోమీటర్ల మందం గల పలుచని పలకలు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు. గొలుసు పొడవు ఆ మందానికి ఎన్నో రెట్లు. అయినా గొలుసులు పలకకు నిలువుగానే ఉన్నాయి. అంటే ప్రతి గొలుసూ పైకి పోయి, మడతపడి, కిందికి వచ్చి, మళ్ళీ మడతపడి పైకి పోతున్నదన్నమాట. ఆరుగజాల చీరను కుచ్చిళ్ళుగా మడిచినట్లే ప్రకృతి ఈ గొలుసులను మడిచింది. అదే సంవత్సరం మరో ఇద్దరు శాస్త్రజ్ఞులు విడివిడిగా ఇటువంటి స్ఫటికాలనే చూశారు.

కరిగిన పాలిమర్ చల్లారేటప్పుడు ముందుగా ఒక చిన్న స్ఫటిక బీజం ఏర్పడుతుంది. తరువాత గొలుసులు ఒకదాని వెంట ఒకటి వచ్చి దాని అంచులకు చేరి మడతలు పడతాయి. అందువల్ల పలక పక్కలకు విస్తరిస్తుందే తప్ప మందం అంతగా పెరగదు. దళసరి ముద్దలో ఈ పలకలు ఒక కేంద్రం నుండి అన్ని వైపులకు వ్యాపించి గుండ్రని గుత్తులవుతాయి. కాని గాజు పలక మీదనో, లోహపు రేకు మీదనో కొన్ని పదుల నానోమీటర్ల పలుచని పొరగా పాలిమర్‌ను పరిస్తే అన్ని వైపులకు పెరిగే చోటు ఉండదు. అప్పుడు స్ఫటిక పలక రెండు విధాలుగా ఉండవచ్చు. బల్లమీద పుస్తకాన్ని పడుకోబెట్టినట్లు పలక ఉపరితలం మీద పరుచుకోవచ్చు. అప్పుడు గొలుసులు నిలువుగా ఉంటాయి. లేదా బీరువాలో పుస్తకాన్ని నిలబెట్టినట్లు పలక అంచుమీద నిలువవచ్చు. అప్పుడు గొలుసులు ఉపరితలానికి సమాంతరంగా పడుకొంటాయి. పొర మందం, చల్లార్చిన ఉష్ణోగ్రత, కింది ఉపరితలానికీ గొలుసుకూ మధ్యనున్న ఆకర్షణ కలిసి ఏ భంగిమ ఏర్పడాలో నిర్ణయిస్తాయి. పొర మరీ పలుచనైతే గొలుసులు కదలడం కష్టమై సాధారణంగా స్ఫటికం పెరిగే వేగమూ తగ్గుతుంది. అక్క ఆగ్నెస్ ఉపరితల విద్య, తమ్ముడు ఫ్రీడ్రిక్ స్ఫటిక విద్య కలిసినది ఈ పలుచని పొరలోనే.

ఈ భంగిమల గొడవ మనకెందుకు అనిపించవచ్చు. విద్యుత్తును మోయగల ప్లాస్టిక్ పొరలతో తేలికైన సౌరఫలకాలు, మడిచిపెట్టగల తెరలు తయారు చేయడానికి శాస్త్రజ్ఞులు కృషి చేస్తున్నారు. 1999లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన బృందం అటువంటి ఒక పాలిమర్‌లో స్ఫటికాల దిశ మారితే విద్యుదావేశం కదిలే వేగంలో వంద రెట్లకు పైగా భేదం వస్తుందని చూపింది. పదార్థం ఒక్కటే. మారింది దిశ మాత్రమే. కడప బండ దగ్గర మనం చూసిన సంగతి ఇక్కడా ఉన్నది.

భగవంతం స్వయంగా ఈ పాలిమర్ పొరల మీద పరిశోధన చేసినవారు కారు. అయితే నేడు ఒక పొరలో గొలుసులు ఎటు తిరిగి ఉన్నాయో తెలుసుకోవడానికి ఎక్స్ కిరణాలతోపాటు శాస్త్రజ్ఞులు వాడే సాధనాలలో ధ్రువిత కాంతితో చేసే రామన్ పరీక్ష ముఖ్యమైనది. కాంతి కంపించే దిశను మారుస్తూ ఏ రేఖ ప్రకాశిస్తున్నదో, ఏ రేఖ మసకబారుతున్నదో చూసి లోపలి దిశను లెక్కకడతారు. ఆ లెక్కకు సౌష్ఠవ నియమాలే ఆధారం. కలకత్తాలో, వాల్తేరులో ఆయన తరం వేసిన బాటలో ఇదొక భాగం. నాఫ్తలీన్ అణువు ఎటు మొగ్గినదని 1929లో ఆయన అడిగిన ప్రశ్ననే నేటి పరిశోధకులు వేరే పదార్థాన్ని అడుగుతున్నారు.

1961లో భగవంతం రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగా, రక్షణ పరిశోధన వ్యవస్థకు అధిపతిగా బాధ్యత స్వీకరించారు. 1962లో చైనాతోను, 1965లో పాకిస్థాన్‌తోను యుద్ధాలు జరిగిన కాలమది. పరాయి దేశాల మీద ఆధారపడే సైన్యం కష్టకాలంలో ఎంత నిస్సహాయమవుతుందో దేశం అనుభవపూర్వకంగా గ్రహించింది. రక్షణ ప్రయోగశాలలు విస్తరించవలసి వచ్చింది. హైదరాబాదు అటువంటి పరిశోధనలకు కేంద్రంగా రూపొందడం ఆ దశకంలోనే మొదలైంది. 1969 వరకు ఆయన ఆ పదవిలో కొనసాగారు.

ఈ పదవులన్నీ గౌరవప్రదమైనవే. కాని వాటికి చెల్లించిన మూల్యమూ ఉన్నది. ఆయన ముఖ్యమైన మౌలిక పరిశోధనలలో అధిక భాగం 1929కీ 1949కీ మధ్య, అంటే ఇరవై నుండి నలభై ఏళ్ళ వయస్సులో జరిగినవే. తరువాతి ఇరవై సంవత్సరాలు కార్యాలయాలు, సమావేశాలు, నిర్ణయాలు ఆయన కాలాన్ని హరించాయి. ప్రయోగశాలలోనే ఉండిపోయి ఉంటే ఇంకెన్ని పట్టికలను దిద్దేవారో చెప్పలేము. కొత్తగా స్వతంత్రమైన దేశంలో పాలించగల శాస్త్రజ్ఞులు కొద్దిమంది. పరిశోధించగల శాస్త్రజ్ఞులూ కొద్దిమందే. ఒకే మనిషి రెండు వైపులా అవసరమైనప్పుడు ఆయన దేశం పిలిచిన వైపు నడిచారు. అయినా తొలి ప్రేమను మరచిపోలేదు. రక్షణశాఖ బాధ్యతల నడుమనే స్ఫటిక సౌష్ఠవాన్నీ, భౌతిక ధర్మాలనూ సమన్వయిస్తూ ఒక గ్రంథం రచించారు. అది 1966లో లండనులో ప్రచురితమైంది. యౌవనంలో వాల్తేరులో మొదలైన ఆలోచనకు అది పరిపక్వ రూపం.

ఆచార్య సూరి భగవంతం 1989 ఫిబ్రవరి 6వ తేదీన, 79 ఏళ్ళ వయస్సులో కన్నుమూశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆయన నాటిన భౌతికశాస్త్ర సంప్రదాయం శిష్యుల ద్వారా, వారి శిష్యుల ద్వారా తెలుగునాట విశ్వవిద్యాలయాలకు విస్తరించింది.

శ్రీశైలం కొండ ఎక్కేవారు ఈసారి దారిలో ఒక రాతిముక్కను చేతిలోకి తీసుకొని ఎండలో తిప్పి చూడాలి. ఒక వైపు తిప్పితే మసకగా ఉన్న రాయి, మరొక వైపు తిప్పగానే తళుక్కుమంటుంది. రాయి మారలేదు, సూర్యుడూ మారలేదు. మన చేయి దాని దిశను మార్చింది. ఆ తళుకు ఎందుకు వచ్చిందని అడగడంతో శాస్త్రం మొదలవుతుంది. ఆగిరిపల్లిలో పుట్టిన ఒక బాలుడు అటువంటి ప్రశ్నను విడువక పట్టుకొన్నాడు. అందువల్లనే ప్రపంచం యాభై ఏళ్ళు నమ్మిన ఒక పట్టిక వాల్తేరులో సవరింపబడింది.